నవ్వని లోగో

స్నేహితులంతా కలిసి గుడివాడలో తీస్తున్న కామెడీ వెబ్ సిరీస్‌కి లోగో కుదరక మనోజ్ఞ తంటాలు పడింది. నవ్వే ముఖాలు ఎన్ని గీసినా ఒక్కటీ అతకలేదు. చివరికి ముడిపడ్డ కనుబొమ్మలతో, ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో, చచ్చినా నవ్వని ముఖమొకటి గీసింది. అందరూ పడీపడీ నవ్వారు.

ఆ ముఖం తన తండ్రి, రిటైరైన లెక్కల మాస్టారు పిచ్చేశ్వరరావుగారిదని మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆటోల వెనక ఆ లోగో పోస్టర్లు అంటించిన రోజు సాయంత్రం, ఆయన బజారు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"బస్టాండు దగ్గర ఆటోల మీదున్నది నేనేనా?"

మనోజ్ఞ గబుక్కున లేచి నిలబడింది. "అవును నాన్నా. రేపు పొద్దున్నే అన్నీ తీయించేస్తాను."

"తీయించకు. కాలేజీ పిల్లలు బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, నవ్వుకుంటూ వచ్చి సెల్ఫీ అడిగారమ్మా." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నన్ను చూసి పారిపోని పిల్లల్ని ఇవాళే చూశాను."

మనోజ్ఞ ఆయన చేతిలోని సంచి అందుకుంది.

"అన్నట్టు," అన్నారాయన లోపలికి వెళ్తూ, "వచ్చే పోస్టర్లో ఇంకాస్త కోపంగా వెయ్యి."