అమోస్ ట్రెస్లర్ ముఖం

"కార్డు నా చేతికిచ్చి ఇట్నుంచి ఇటే వెళ్ళిపోండి. లోపలికొచ్చి ఒక్క ముక్క మాట్లాడారంటే ఊరుకోను!" అంది మార్లీన్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

రస్సెల్ వానలో తడుస్తూ మెట్ల మీదే ఆగిపోయాడు. ఈమెకి ఫోన్లో నిజం చెప్పి తప్పు చేశానేమో అనిపించింది.

వెనకటి రోజుల్లో సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు వచ్చేవి. వాటిని పోగుచేసి, కింద అచ్చయిన పేర్లని పాత పత్రికల్లోని స్కోర్లతో, ఫొటోలతో సరిచూసి, ఏ బొమ్మ ఏ మనిషిదో తేల్చడమే రస్సెల్ పని. అమోస్ ట్రెస్లర్ పేరున్న కార్డు అతనికి ఒకే ఒక్కచోట దొరికింది, అమోస్ కూతురు విల్మా దగ్గర. అడగ్గానే నమ్మి ఇచ్చింది. తీరా సరిచూస్తే ఆ బొమ్మ అమోస్‌ది కాదు. అచ్చువేసినవాళ్ళు ఒకే జట్టులో ఇద్దరి పేర్లు తారుమారు చేశారు.

"మా అమ్మ అనాథాశ్రమంలో పెరిగిందండీ," మార్లీన్ గొంతు తగ్గించింది. "పుట్టకముందే తండ్రి పోయాడు. పురిట్లోనే తల్లి పోయింది. నాన్నంటే ఆవిడకి ఆ కార్డే. మీరు పట్టుకెళ్ళిన దగ్గర్నుంచీ కంటి మీద కునుకు లేదు. ఇప్పుడొచ్చి, ఇది మీ నాన్న మొహం కాదంటారా?"

"నేను చెప్పకపోతే రేపు ఇంకొకరు చెప్తారు."

"చెప్పుకోనివ్వండి. ఆవిడ పోయాక చెప్పుకోనివ్వండి."

"ఎవరే అది? కార్డుల అబ్బాయేనా?" లోపల్నుంచి కేక వినిపించింది. "మనిషిని వానలో నిలబెట్టి మాటలేంటే? లోపలికి రానీ!"

యాభై దాటిన రస్సెల్, అబ్బాయిలాగే తల వంచుకుని లోపలికి వెళ్ళాడు.

విల్మా స్టవ్ పక్కన కుర్చీలో, ఒళ్ళో బొంత కప్పుకుని ఉంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. కార్డు అందుకుని కొంగులాంటి ఏప్రాన్ అంచుతో తుడిచింది. పెదాలకి ఆనించుకుంది. "వచ్చావా నాన్నా," అని గొణిగింది. కార్డులోని కుర్రవాడు తెల్లగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎవరిదో తెలిసిన రస్సెల్ చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"మా నాన్న గురించి ఏమైనా తెలిసిందా అబ్బాయ్?"

"బ్యాట్ పట్టాడంటే ఆ జట్టులో ఆయనకి సాటి లేరండీ."

"ఆట సంగతి కాదు. ప్రాక్టీసులో బంతి కణతకి తగిలి పోయాడటగా. విసిరినవాడు డిల్లన్ అనీ, సొంత జట్టువాడేననీ ఆశ్రమంలో చెప్పేవాళ్ళు."

"అవునండీ. జేక్ డిల్లన్."

"వాడి కార్డు ఉందా నీ దగ్గర?"

రస్సెల్ చెయ్యి తెలియకుండానే కోటు జేబు మీదికి వెళ్ళింది. మార్లీన్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. విల్మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"చూపు మందగించింది గానీ, నేనింకా గుడ్డిదాన్ని కాలేదు. ఏంటి దాస్తున్నారు?"

అబద్ధమాడదామనే నోరు తెరిచాడు రస్సెల్. ఆవిడ ఒళ్ళోంచి నవ్వుతున్న ఆ మొహం ముందు అబద్ధం రాలేదు.

"పేర్లు తారుమారయ్యాయండీ. మీ చేతిలో ఉన్నది మీ నాన్నగారు కాదు. డిల్లన్."

మార్లీన్ పరుగున వచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. విల్మా ఏడవలేదు. కార్డుని బల్ల మీద బోర్లా పెట్టి, ఏప్రాన్ అంచుతో పెదాలు గట్టిగా తుడుచుకుంది.

"పుట్టిన దగ్గర్నుంచీ ముద్దులు పెట్టింది, నా తండ్రిని చంపినవాడికా?"

"ఆయన కావాలని కొట్టలేదండీ. చెయ్యి జారి..."

"చాల్లే." విల్మా చెయ్యి చాచింది. "మా నాన్నేడీ? ఇలా ఇయ్యి."

రస్సెల్ జేబులోంచి రెండో కార్డు తీశాడు. కింద ఉన్న పేరు డిల్లన్‌ది, పైన ఉన్న మొహం అమోస్‌ది. బుగ్గలు లోపలికి పోయి, టోపీ కింద కళ్ళు లోతుగా, ఎవరినో ఏదో అడగబోతున్నట్టున్న మొహం. ఇంత బాధ పెట్టినా, కన్నతండ్రిని మొదటిసారి ఆవిడకి చూపిస్తున్నానన్న తృప్తయినా మిగులుతుందనుకున్నాడు.

విల్మా దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"అచ్చం మీ కళ్ళేనండీ ఆయనవి," అన్నాడు రస్సెల్.

ఆవిడ అతని మాట వినలేదు. కూతురి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"మార్లీన్... ఈయన నాకు తెలుసే. ఆశ్రమంలో ఉన్నప్పట్నుంచీ ప్రతి రాత్రీ నా గది గుమ్మంలో నిలబడి, విల్మా, లోపలికి రానా అని అడుగుతాడు... నాన్న బొమ్మ చూపించి నేనే తరిమేస్తుంటాను."