ఉడతల పిస్టల్

"నా పిస్టల్‌లోనే ఏదో లోపం ఉందత్తయ్యా," అన్నాను. అమెరికాలోని మోంటానాలో నేను డిప్యూటీ షెరీఫ్‌ని, అంటే పోలీసు ఉద్యోగిని. గురి పరీక్ష ఇంకోసారి తప్పితే ఉద్యోగం పోతుంది.

మా అత్త ఓపల్ సన్నటి తూటాలు వేసే ఒక చిన్న పాయింట్ టూటూ పిస్టల్ నా చేతిలో పెట్టింది. "ముందు దీంతో నేర్చుకో."

"ఇది ఉడతల్ని కొట్టేదండీ."

"అవి నవ్వినా బయటికి చెప్పవులే. కాల్చు."

చప్పుడు తక్కువ, అదురు లేదు. తూటాలన్నీ ఎదురుగా నిలబెట్టిన గురి అట్ట మధ్యలో దిగాయి. మీసం దువ్వుకుని నా పెద్ద పిస్టల్ అందుకున్నాను. ఈలోగా ఆమె అందులోంచి తూటాలు తీసేసిందని నాకు తెలియదు. ట్రిగ్గర్ నొక్కాను. అది పేలలేదు. నేను మాత్రం పేలినట్టే కళ్ళు మూసుకుని, గొట్టాన్ని నేలకి వంచేశాను.

"పేలుతుందంటే భయమా?" ఆమె నవ్వలేదు.

"ప్రతిసారీ."

"షెరీఫ్‌గా చేసినన్నాళ్ళూ మీ మామయ్యకీ ఇదే భయం. అందుకే ఈ చిన్నదాన్ని కొనుక్కున్నారు."