పదకొండు గదుల సొరంగం

తోమా మాష్టారు ఆరు నెలలు కూర్చుని ఒక సాహసం రాశాడు. దాన్ని ఆడటానికి ముగ్గురు మనుషులు దొరకలేదు.

ప్రత్తిపాడు పక్క ఊళ్లో మిషన్ బడి టీచరు ఆయన. 1985లో మిషన్ ఆసుపత్రి దొర డాక్టరు స్వదేశం వెళ్లిపోతూ ఆయన చేతిలో ఒక పెట్టె పెట్టి పోయాడు. అందులో రకరకాల పాచికలు, ఇంగ్లీషులో ఒక పుస్తకం ఉన్నాయి. నలుగురు బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. నాలుగో మనిషి కథ చెబుతుంటే మిగతావాళ్లు తామేం చేస్తారో చెప్పి పాచిక వేయాలి. గెలుపు, ఓటమి ఏమీ లేవు, బతికి బయటపడితే చాలు.

మాష్టారికి పిచ్చి పట్టింది. రెండు వందల పేజీల నోటుబుక్కులో కొండ కింద సొరంగం గీశాడు. పదకొండు గదులు, ఒక పాడుబావి, ఏ తలుపు తీస్తే ఎవడు పోతాడో అంతా రాశాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దాన్ని ఎవరైనా ఆడితే చాలని ఆయన ఆశ.

"నువ్వు మాంత్రికురాలివి," అన్నాడు భార్యతో.

"తడి కట్టెలతో పొయ్యి మండించే మంత్రం ఒకటి చాలండి నాకు. నన్నొదిలెయ్యండి," అంది ఎలీసమ్మ.

ఇలా కాదని ఊళ్లోవాళ్ల కోసం కాగితాలు తయారుచేశాడు. పేరు, వృత్తి, బలం, ఆస్తి, కావలసిన ఆయుధం. ఆటలో ఎవరి పాత్ర ఏమిటో అందులో నింపుకోవాలి. గుంటూరు వెళ్లి నలభై కాపీలు సైక్లోస్టైల్ తీయించాడు.

పొరపాటు అక్కడే జరిగింది. ఆ రోజుల్లో ఊళ్లోకి గళ్లు గీసిన సైక్లోస్టైల్ కాగితం వచ్చిందంటే అది గవర్నమెంటు పథకమే. మర్నాడు మిరప కోతలు మానుకుని మరీ జనం మాష్టారి ఇంటిముందు వరస కట్టారు.

"ఇది గేదెలదా మాష్టారూ, ఇళ్లదా?" అనడిగాడు కోటిలింగం. ఊళ్లో సగం పత్తిచేలు ఆయనవే.

"ఇది ఆటండి."

"ఆటలక్కూడా ఇస్తన్నారా? సరే, నా పేరు ముందు రాయండి."

బలం ఎంతో పాచికలు చెబుతాయి. మాణిక్యమ్మ మూడు పాచికలు వేస్తే పద్దెనిమిది పడింది. అంతకు మించి బలం ఆ పుస్తకంలోనే లేదు.

"పద్దెనిమిది రాయమాకండి," అందామె కంగారుగా. "బలంగా ఉన్నామంటే మనకెవరిస్తారండీ? మూడేసుకోండి."

సాయంత్రానికి నలభై మంది వీరులు తయారయ్యారు. అందరి బలమూ మూడే. ఆస్తి దగ్గర కోటిలింగం చేతికర్ర ఒక్కటే వేయించుకున్నాడు. కావలసిన ఆయుధం దగ్గర ముప్పై మంది పాడిగేదె అని రాయించారు. వేలిముద్రలు వేసి, మంజూరైతే కబురు చేయమని చెప్పి వెళ్లిపోయారు. కూర్చుని ఆడిన పాపాన ఒక్కరూ పోలేదు.

మార్చి నెలాఖరులో జీపు వచ్చింది. కొత్తగా పెట్టిన మండలం ఆఫీసు నుంచి ఆఫీసరు దిగాడు. ఆ ఏడాదికి నలభై మంది లబ్ధిదారుల్ని చూపించాలి. ఆయన దగ్గర ఒక్కడూ లేడు. మాష్టారి దగ్గర సరిగ్గా నలభై మంది ఉన్నారని ఎవరో చెప్పారు.

"సార్, అవి ఆట కాగితాలు," అన్నాడు మాష్టారు. "వృత్తి దగ్గర మాంత్రికుడని ఉంది చూడండి."

"అదీ ఒక వృత్తే కదా. వేలిముద్రలున్నాయా?"

"ఉన్నాయి."

"ఇంకేం కావాలి? పథకం వివరాలేవీ?"

కాగితాలతో పాటు బల్ల మీది నోటుబుక్కు కూడా ఆఫీసరు చంకలోకి వెళ్లింది. మొదటి పేజీలో సామగ్రి కింద పాచికలని రాసుండటంతో, రేపు ఆడిట్‌లో అడుగుతారని పెట్టెను కూడా జీపెక్కించాడు.

"ఉన్నది అదొక్కటే సార్. ఇంకా ఎవరిచేతా ఆడించలేదు."

"పరిశీలించి పంపిస్తాం."

జీపు మలుపు తిరిగాక మాష్టారు అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఎలీసమ్మ పొయ్యి వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది.

ఏప్రిల్లో మాష్టారు మండలం ఆఫీసుకు వెళ్తే సార్లు మీటింగులో ఉన్నారన్నాడు బంట్రోతు రంజాన్. మేలో వెళ్తే మీటింగు. జూన్లో కోటిలింగం, మాణిక్యమ్మ కూడా వెంట వెళ్లారు. ఆఫీసులో కుర్చీలన్నీ ఖాళీ. లోపలి గది తలుపు వేసి ఉంది.

"పదింటికి లోపలికెళ్తే మళ్లీ ఐదింటికే," అన్నాడు రంజాన్. "టీలు కూడా అక్కడికే. మీ ఊరి ఫైలు మీదే కూర్చుంటన్నారండీ. నిన్న సూపరింటెండెంటుగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు."

"మన లేమి చదివుంటారు," అంది మాణిక్యమ్మ.

ఇంతగా పట్టించుకునే ఆఫీసు జిల్లాలో ఇంకోటి లేదని ఊళ్లో చెప్పుకున్నారు. మాష్టారు మాత్రం కొత్త నోటుబుక్కు కొని, గుర్తున్నంత వరకు మళ్లీ రాయబోయాడు. మూడో గది దాటాక ఏమీ గుర్తురాలేదు. తన సాహసం ఎవరూ ఆడకుండానే పోయిందనుకుని పుస్తకం మూసేశాడు.

ఆగస్టులో ముద్ర వేసిన కవరు వచ్చింది. మంజూరు ఉత్తర్వేనని ఊరంతా పోగయింది. పైకి చదవమన్నారు. మాష్టారు గొంతు సవరించుకుని చదివాడు:

"తమరి సొరంగమును ఈ ఆఫీసు సిబ్బంది యావన్మందీ నాలుగు నెలలుగా ఆడి, సూపరింటెండెంటుగారు పాడుబావిలో పడి మూడు పర్యాయములు మరణించి, ఎట్టకేలకు నిన్న సాయంత్రము అందరూ క్షేమముగా బయటపడినందున, రెండవ భాగమును వ్రాసి తక్షణమే సమర్పించవలెను."