ఆరు మూటల ముడులు

వేదవ్యాస కాఫీ తాగొచ్చేలోపు వాన కురిసి వెలిసింది.

కాఫీ బాగానే ఉంది. వరండాలో వదిలి వెళ్లిన ఆరు మూటల మీదే, అడ్రసులు కరిగి నీలి మరకలయ్యాయి.

ప్రొద్దుటూరు బస్టాండులో పార్సిలాఫీసు తెరిచి ఏడాది. వేదవ్యాస గుమాస్తాగా చేరి నెల. ఈ నెలలోనే రెండు మూటల్ని ఒక ఊరికి బదులు ఇంకో ఊరికి పంపిన ఘనుడు.

"ఇంకొక్కటి తప్పితే ఇంటికి పోదువులే" అని ఏజెంటు నిన్ననే చెప్పాడు.

పంపినవాళ్ల పేర్లు, అందుకునేవాళ్ల పేర్లు పుస్తకంలో ఉన్నాయి. ఏ మూట ఎవరిదో మాత్రం తెలియదు. విప్పి చూడకూడదు. జమ్మలమడుగు మీదుగా పులివెందుల పోయే బస్సు హారను కొడుతోంది.

ఇంతలో ఎవరో ముసలాయన వచ్చి మూటకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఓ పెద్దాయనా! అది కుర్చీ కాదు. లెయ్ ఆడనుంచి!"

ముసలాయన నవ్వుతూ లేచాడు. మరకల వంక చూశాడు.

"పంపినోళ్ల పేర్లు సదువు సామీ."

"నువ్వేం జేస్తావు?"

"సదువు. బస్సు పోతాది."

"అబ్దుల్ సత్తార్."

"మూడు సుట్లు సుట్టిగాని ముడెయ్యడు. ఇది ఆయనది."

"దిల్షాద్‌బీ."

"ఎడంచేతి మనిషి. ముడి అటు తిరిగుండాది సూడు."

"కోదండపాణి, పుస్తకాలంగడి."

"ఆయప్పకు అనుమానం శానా. ముడి మీద ముడి, దాని మీద ఇంకోటి."

ఆరూ తేలాయి. వేదవ్యాస గబగబా అడ్రసులు రాశాడు. మూటలు బస్సు మీదికెక్కాయి. ముసలాయన లోపలికెక్కాడు. పేరడగాలని తోచేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

మర్నాడు కండక్టరు మున్వర్ సంతకాలు తెచ్చాడు. జమ్మలమడుగులో రెండు, పులివెందులలో నాలుగు. ఒక్కటీ తప్పలేదు.

వేదవ్యాసకు ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా ఎవరుంటే వాళ్లను కౌగిలించుకోవాలనిపించింది.

"ఎవరప్పా ఆయన? ఈసారొస్తే కాఫీ తాపిస్తా."

"అలీ అహ్మద్ తాత. తెలీదా సామీ? పోయినేడు దాకా ఈ దావలో మూటలన్నీ ఆయన ఎద్దులబండ్లోనే పోతాండె."

"ఇప్పుడేం జేస్తాండాడు?"

మున్వర్ టికెట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఇంక ఆయన ఈడికి రాడులే సామీ. మన సర్వీసొచ్చినాక బండికి మూటలేడివి? నిన్న పొద్దున సంతలో ఎద్దుల్ని అమ్మేసి, మొదటిసారి మన బస్సెక్కినాడు."