పప్పులో పడిన పైపు కాడ

“ఆ గుడ్డ చక్రం అంచుకు దారాలు లేచినయి. మోటరు ఆపి కత్తిరియ్యరాదు?” అంది నా భార్య జములమ్మ, మగ్గం గుంతలోంచే.

“చీరలు నేసేదానివి, మెరుగుపని నీకేం ఎరుక?” అన్నాను.

గద్వాలలో పొగాకు పైపులకు మెరుగు పెట్టేవాణ్ని నేనొక్కణ్నే. పోటీ లేదు కాబట్టి గొప్పవాణ్నే. సాయంత్రం వనపర్తి వకీలు గారు తన పైపు కోసం వస్తారు. నోట్లో పెట్టుకునే దాని కాడను విడదీసి, తిరుగుతున్న చక్రానికి ఆనించాను. లేచిన దారం చుట్టుకొని లాగేసింది. కాడ నా చేతిలోంచి ఎగిరి, వంటింటి గడప దాటి, పొయ్యి మీది పప్పుగిన్నెలో పడింది.

పప్పులో కాలేసినవాళ్ల గురించి విన్నాను. కాడ వేసింది మాత్రం నేనే.

జములమ్మ లేచి, గరిటెతో దాన్ని తీసి, కడిగి, వెలుతురుకు పట్టి చూసింది.

“ఇరగలే. పప్పు మెత్తగ ఉడికింది.”

తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను.

“పెండ్లయినకాడి నుంచి చూస్తున్న. నీ పనిల నుంచి వంటింట్లకు ఏదన్న వచ్చుడు ఇదే మొదలు.”

నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ పప్పు, ఆ గిన్నె, ఆఖరికి నా మోటరు కూడా ఆమె నేసిన చీరల డబ్బుతో కొన్నవే.

ఆమె మోటరు ఆపి, ఎవరినీ ముట్టనివ్వని తన మగ్గం కత్తెర తెచ్చి నా పక్కన కూర్చుంది.

“చేత్తోని మెల్లగ తిప్పు. నేను కత్తిరిస్త.”

తిప్పాను.

సాయంత్రం వకీలు గారు పైపు అటూ ఇటూ తిప్పి చూశారు. “అద్దం లెక్కుంది. పనితనం నీదేనా?”

“మాది సార్,” అన్నాను.