దిగాల్సిన స్టేషను

నౌపాడలో రైలు ఆగీ ఆగకముందే కూర్మారావు లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

“నాను దిగిపోతాను.”

“కూకో మావా!” భార్య ధనమ్మ అతని చొక్కా పట్టుకుని లాగింది. “రేపే ఆపరేషను. డాక్టర్లు అన్నీ సూసి సరేనన్నారు. ఇప్పుడు దిగిపోతే పేనాల మీదికొత్తాది.”

“నా వల్ల కాదే. తలుసుకుంటేనే కాళ్ళూ సేతులూ ఆడతం నేదు.”

ఇచ్ఛాపురంలో ఎక్కిన సరోజిని టీచరు ఎదుటి సీట్లోంచి అడిగింది. “ఏం ఆపరేషనమ్మా?”

“కిడ్నీ మార్సడం అమ్మా. మాది ఉద్దానం. పలాసలో రైలెక్కిన కాడి నుంచీ ఇదే వరస.”

టీచరు ఇద్దరినీ చూసింది. ధనమ్మ పీలగా, చెంపలు లోపలికి పోయి ఉంది. కూర్మారావు మొహం గుమ్మడికాయలా నిండుగా ఉంది. టీచరుకి సంగతి అర్థమైపోయింది. ఒళ్ళు మండింది.

“రెండిట్లో ఒకటి ఇస్తే మనిషికేం కాదయ్యా. మా మరిది ఇచ్చాడు. దుక్కలా ఉన్నాడు.”

“అందరికీ అలాగే ఉంటాదేటి? కత్తి పడ్డాక ఏటవుద్దో ఎవులికి తెలుసు?”

“అలా సెప్పండమ్మా, ఇంకా గట్టిగా సెప్పండి” అంది ధనమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

మన రైళ్ళలో ఒకరి గొడవ బోగీ గొడవ కావడానికి ఒక్క స్టేషను చాలు. ఆమదాలవలస దాటేసరికి అందరూ ధనమ్మ పక్షమే. “కట్టుకున్నదాని మాట కన్నా నీ బయం ఎక్కువేటి?” అని పై బెర్తు ముసలాయన కూడా గదమాయించాడు.

విజయనగరంలో కూర్మారావు తలుపు వైపు ఉరికాడు. ఇద్దరు కుర్రాళ్ళు అడ్డం నిలబడ్డారు. అంతలోకే ఆయాసపడిపోతూ వచ్చి సీట్లో కూలబడ్డాడు. పిరికితనం మనిషినెంత పని చేస్తుందీ అనుకుంది టీచరు.

విశాఖపట్నం వచ్చింది. దారిపొడుగునా దిగుతానన్నవాడు ఇప్పుడు దిగనంటూ కిటికీ ఊచలు పట్టుకున్నాడు. బోగీ ఖాళీ అవుతోంది. ధనమ్మ అతని వేళ్ళు విడదీస్తోంది, అతను మళ్ళీ బిగిస్తున్నాడు.

టీచరుకి ఓపిక చచ్చింది. “ఛీ! ఒక్క కిడ్నీ ఇవ్వడానికి ఇంత ఏడుపా? నువ్వూ ఒక మగాడివేనా?”

కూర్మారావు చేతులు ఊచల మీంచి జారిపోయాయి. భోరుమన్నాడు.

“నాను ఇచ్చీదయితే రెండూ ఇచ్చీసేవోణ్ణి తల్లీ! ఒళ్ళు కోయించుకుంతన్నది అదీ... నాకోసం!”