పచ్చికలో తుంగ

నంద్యాలలో ప్లీడరు ఆదినారాయణ ఇంటిముందు పచ్చికలో మళ్లీ తుంగ మొలిచింది. ఈసారి ఒకటీ అరా కాదు. గొర్రుతో విత్తినట్టు సాళ్లు సాళ్లుగా మొలిచింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఇంటిముందు పచ్చిక పాడైతే పెద్దమనుషులకు నామోషీ. ఆదినారాయణ పెట్టిన కేకకు పక్కింటి గురుస్వామితో సహా వీధిలో సగం మంది గేటు దగ్గర చేరారు.

“ఏందిరా ఇది?”

తోటమాలి ఆదెన్న వంగి ఒక మొక్క పీకాడు. కాడను వేళ్ల మధ్య తిప్పాడు. మూడు పలకలు తగిలాయి.

“తుంగే సామీ. మొన్ననే తొలికతో గడ్డలతో సహా తవ్వి కాల్చేస్తి. మళ్ల యాడనుంచి వచ్చిందో తెలీకుండాది.”

ఆదెన్న ఒళ్లు దాచుకునే మనిషి కాడు. గలిజేరు గానీ పల్లేరు గానీ ఈ పచ్చికలో రెండాకులు వేసిన పాపాన పోలేదు. ఆళ్లగడ్డ నుంచి గరిక తెప్పించి దీన్ని వేయించింది ఆదినారాయణ తల్లి కృష్ణమ్మ. నల్లమల నుంచి వచ్చిన ఆదెన్నను పనిలో పెట్టిందీ ఆమే. పోయేముందు నలుగురి ఎదుట కొడుకు చేత ఒట్టు వేయించుకుంది.

“పచ్చికను వాడు సక్కంగా చూసుకున్నన్నాళ్లు, ఎనక కొట్టంలోంచి వాణ్ని కదిలియ్యొద్దు నాయనా.”

ఆ కొట్టం తప్ప ఆదెన్నకూ, పెండ్లాం చిన్నమ్మకూ తలదాచుకునే చోటు లేదు.

“దానంతట అది మొలిస్తే ఇట్ల సాలు పట్టదప్పా. ఎవురో నాటినారు” అన్నాడు గురుస్వామి. “కలుపుంటేనే గదా వీనికి పని?”

కొట్టం వెతికారు. చూరులో గోనెపట్టా మూట ఒకటి దొరికింది. విప్పితే అన్నీ తుంగగడ్డలే.

“అది నాది కాదు సామీ! చిన్నమ్మా, నువ్వన్నా చెప్పు!” అన్నాడు ఆదెన్న.

చిన్నమ్మ మొగుడి చేతులవైపు అనుమానంగా చూసింది. వీధి వీధంతా దొంగ అన్నా ఆదెన్న ఓర్చుకునేవాడే. ఆ చూపుకు మాత్రం మనిషి కుంగిపోయాడు.

ఆదినారాయణ అరుగు మీద కూలబడ్డాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“మా అమ్మ నిన్ను ఎంత నమ్మెరా! కడుపున పుట్టినోని మాదిరి చూసుకునె. ఆమె పెంచిన పచ్చికకే ద్రోహం చేస్తివి గదరా!”

చూసినవాళ్లకు గుండె తరుక్కుపోయింది. గురుస్వామి ఆయన భుజం తట్టాడు.

“నీ ఒట్టు తీరిపాయ లేప్పా. ఇంగ పంపించెయ్.”

ఆదెన్న కలుపు తవ్వే తొలికను కడిగి మెట్టు మీద పెట్టాడు. చిన్నమ్మ సట్టీ కుండా మూటగట్టుకుంది. ఇద్దరూ వెలుగోడు దారి పట్టారు. ఆమె అతని పక్కన నడవలేదు, దూరంగా వెనకే నడిచింది.

సాయంత్రం కారుషెడ్డుకు కొలతలు తీయడానికి వచ్చిన మేస్త్రీ ఖాళీ కొట్టం చూసి నోరు తెరిస్తే, ఆదినారాయణ నవ్వి, “తొందరపడొద్దని చెప్తి గదప్పా, నేను నాటిన తుంగ మొలిసేదానికైనా టైము కావాల్నా వద్దా?” అన్నాడు.